నాలుగో గిన్నె

జీవ మోచేతిదాకా తొట్టిలో చెయ్యి పెట్టి అడుగునుంచి గుప్పెడు గింజలు తీసింది. తొక్క ఒలిచిన కాఫీ గింజలు నిన్నటినుంచీ అందులో నానుతున్నాయి. రెండు అరచేతుల మధ్య వాటిని నలిపి చెవి దగ్గర పెట్టుకుంది. జిగురు వదిలితే ఏటి గులకరాళ్ళు నలిపినట్టు గరగరమనాలి. ఇప్పుడు మాత్రం సబ్బుముక్కలా జారుతున్నాయి.

"ముప్పై గంటలు అయిపొయ్యె జీవా. కడిగేస్తామా?" అన్నాడు గట్టు మీద నిలబడ్డ గోపీనాథ్. తోట ఆయనదే. ఆయన చేతిలో ఫోను, ఫోనులో టైమరు.

"ఇంగా కాలేదు సామి. మంచు రొంబ పడె. మద్యాన్నం మీద చూస్తాము."

"వీడియోలో ముప్పై గంటలే గదా చెప్తారు?"

"ఆ వీడియో చేసినోళ్ళ ఊళ్ళో మంచు తక్కువేమో సామి."

గోపీనాథ్ నవ్వాడు. నవ్వి, కడగమన్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ తొట్టి దగ్గర జరిగేది ఇదే. గింజ ఎప్పుడు సిద్ధమైందో తెలిసేది జీవ చేతికి, ఎప్పుడు కడగాలో చెప్పేది గోపీనాథ్ ఫోను. రెంటికీ మాట కుదరని రోజున ఫోనుదే పైచెయ్యి. జీవ వాదించదు. నీళ్ళు వదిలి, గింజల్ని కాళ్ళతో తొక్కి తొక్కి కడుగుతుంది. మొదట్లో కోపం వచ్చేది. తరవాత బాధ వచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు. చన్నీళ్ళలో కాళ్ళు ఎట్లా మొద్దుబారతాయో లోపల కూడా అట్లాగే అయిపోయింది.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఇన్నేళ్ళలో తన చేతి మీదుగా పోయిన ఆ కాఫీ ఒక్క గుక్క కూడా ఆమె నోట్లో పడలేదు. అది ఆరి, మూటకెక్కి, అరవదేశపు తాండిక్కుడి కొండ దిగిపోతుంది. పనివాళ్ళకు పోసేది ఒట్టన్‌చత్రం అంగట్లో కొన్న చికోరీ పొడి. అన్నేళ్ళు వంట చేసి ఉప్పు చాలిందో లేదో ఎరగని వంటమనిషి లోకంలో ఎక్కడైనా ఉంటుందా? జీవ ఉంది. ఆ రుచి ఏమిటో ఒక్కసారి తెలిస్తే చాలుననుకునేది.

పదిగంటల కాఫీ వచ్చింది. గోపీనాథ్ భార్య తిలకవతి వెనక వాకిలి మెట్టు మీదికి చెంబు తెచ్చింది. జీవ షెడ్డు చూరులో చెక్కి ఉన్న తన ఎవర్‌సిల్వర్ గ్లాసు తీసి, మెట్టు కింద నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. తిలకవతి మూరెడు ఎత్తునుంచి ఒక్క చుక్క కింద పడకుండా పోసింది. ఆ నేర్పు చూసి తీరాలి.

"పాప జొరం తగ్గిందా జీవా?" అంది పోస్తూనే. తిలకవతి మంచి మనిషి. ఆ ఇంట్లో అందరూ మంచివాళ్ళే.

"తగ్గె అమ్మా."

"రేపు హైదరాబాదునుంచి ఒక పొన్ను, చదువుకున్న పిల్ల, వస్తా ఉండాది. పెద్ద కాఫీ అంగడంట. తోటంతా తిరిగి చూస్తాదంట. మంచెల మీద గింజలు బాగా తిప్పి పెట్టు."

*

మర్నాడు పొద్దెక్కాక టాక్సీ దిగింది సుజిత. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. మోకాళ్ళదాకా బూట్లు, మెడలో నోటుపుస్తకం. గోపీనాథ్ వాకిట్లోకి ఎదురెళ్ళాడు.

"వాంగ వాంగ. మీ తెలుగు వేరే, మా తెలుగు వేరే. మాదాంట్లో సగం అరవం. తప్పుగా ఎంచుకోవద్దు."

"అయ్యో, ఎంత తియ్యగా ఉందండీ మీ తెలుగు!" అంది సుజిత.

తిన్నె మీద కూర్చుని మిరియాలు ఏరుతున్న రామక్కాళ్‌కి, అంటే గోపీనాథ్ తల్లికి, ఆ మాటతో కడుపు నిండింది. మన భాష మాట్లాడే పిల్ల. లోపలికి పిలిచి కుర్చీ వేయించింది. పూజకు తీసే వెండి గ్లాసులో కాఫీ ఇప్పించింది. పళని దండపాణి విభూతి తానే నొసట పెట్టింది.

సుజిత తోటంతా తిరిగింది. సిల్వరోక్ చెట్ల నీడ, వాటి కింద కాఫీ, మధ్య మధ్య కమలాచెట్లు, వాటిని చుట్టుకున్న మిరియపు తీగ, అన్నీ రాసుకుంది. గోపీనాథ్ టైమరు గురించి చెప్పాడు. తొట్టి దగ్గర ఫోను పట్టుకుని ఫోటో దిగాడు. తిరిగి తిరిగి ఆమె ఆరబోసే మంచెల దగ్గరికి వచ్చేసరికి జీవ వంగి గింజలు తిప్పుతోంది. ఎండు గింజల్లోంచి పగిలినవాటిని ఏరి పక్కన వేస్తూ, పక్క మంచె దగ్గరున్న రంగనాయకితో ఏదో అంటోంది.

సుజిత ఠక్కున ఆగిపోయింది. "మీరూ తెలుగేనా!"

జీవ నడుం ఎత్తి చూసింది. "అవునమ్మా. ఇంట్లో మాట్లాడేది అదే."

"ఇంత దూరంలో ఇంటిల్లిపాదీ తెలుగేనన్నమాట. మీరు గోపీనాథ్ గారికి ఏమవుతారు?"

తొమ్మిదేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఒకే భాష మాట్లాడితే చుట్టాలే అయివుంటారనుకోవడం హైదరాబాదు అమాయకత్వం. ఈ కొండ మీద ఆ భాష ఇంట్లోనూ మాట్లాడతారు, షెడ్డులోనూ మాట్లాడతారు. మధ్యలో మూరెడు ఎత్తు ఉంటుంది.

"ఏమీ కానమ్మా. పనికొస్తాను."

"ఓహో. ఎక్కడుంటారు మరి, ఈ పక్కనేనా?"

"కింద. కాలనీలో."

"అబ్బ, మేమూ కాలనీవాళ్ళమేనండీ!" అంది సుజిత సంబరంగా, గట్టిగా. "మా తాతగారి కాలంనుంచీ కాలనీయే. ఆ రోజుల్లో అక్కడికి బస్సు కూడా వచ్చేది కాదంట. రెండు మైళ్ళు నడిచి రోడ్డు మీదికి వచ్చేవాళ్ళంట."

జీవ చేతిలోని గింజలు జారి మంచె మీద పడ్డాయి. రంగనాయకి నోరు తెరుచుకుని ఉండిపోయింది. తిన్నె మీద రామక్కాళ్ చేతిలో మిరియాల చేట ఆగిపోయింది.

కాలనీ అంటే హైదరాబాదులో ఏమిటో ఆ ముగ్గురికీ తెలియదు. ఆ కొండల్లో, ఆ మాటకొస్తే అరవదేశమంతటా, ఊరికి ఒకటే కాలనీ ఉంటుంది. అది ఊరికి బయట ఉంటుంది. ఎవరైనా కాలనీ అన్నారంటే ఇంకేమీ అడగక్కర్లేదు, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. పుట్టింది ఎక్కడో చెప్పుకోవలసి వస్తే ఆ మాటను సగం మింగి చెప్పడం జీవకు అలవాటు. ఈ పిల్ల దాన్ని నవ్వుతూ, నలుగురూ వినేట్టు చెప్పింది.

వెనక కొళాయి దగ్గర జీవ చేతులు కడుక్కుంటుంటే వంటింటి మాటలు వినిపించాయి.

"కాలనీ పొన్నురా గోపీ. నోరారా తానే చెప్పె. వెండి గ్లాసులో తాగించినామే, దేవుడా!"

"మెల్లిగామ్మా. ఈ కాలంలో అదంతా చూస్తే యాపారం అవుతాదా?"

"యాపారం వొద్దన్నానా? చెయ్యి. గ్లాసు వేరే పెట్టు అంటా ఉండా."

మధ్యాహ్నం కాఫీ పేపరు కప్పులో వచ్చింది. సుజిత దాన్ని చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "పేపరు కప్పు వద్దండీ, పాపం, చెట్లు కొట్టి చేస్తారు. నా మగ్గు నేనే తెచ్చుకున్నాను" అంటూ సంచిలోంచి ఒక స్టీలు మగ్గు తీసి అరుగు మీద పెట్టింది. తిలకవతి అత్తగారివైపు చూసింది. రామక్కాళ్ ముఖం వికసించింది.

"చూస్తివా?" అంది కోడలితో అరవంలో. "బాగా పెంచినారు. ఎవరి గ్లాసు వాళ్ళే తెచ్చుకుంటా ఉండారు."

తిలకవతి మూరెడు ఎత్తునుంచి పోసింది. సుజిత దాన్ని కూడా మెచ్చుకుంది. అలా ఎత్తునుంచి పోస్తే నురగ బాగా వస్తుందట.

సాయంత్రం కొండవాలు దిగి ఇంటికి పోతూ జీవ ఆ మాటే తలుచుకుంది. మేమూ కాలనీవాళ్ళమే. బూట్లు వేసుకున్న కాలనీ పిల్ల. టాక్సీలో తిరిగే కాలనీ పిల్ల. ఆమె ముందు గోపీనాథ్ సామి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. మొగుడు చెల్లప్పకు చెబుదామనుకుంది గాని, చెబితే ఆ మాట అరిగిపోతుందేమోనని ఊరుకుంది. సంతోషం అనలేం. తిమ్మిరెక్కిన కాలికి మళ్ళీ రక్తం దిగేటప్పుడు సూదులు గుచ్చినట్టుంటుంది చూడండి, అలాంటిది. అది బాగుందో బాగులేదో ఆమెకే తెలియలేదు.

*

మూడోరోజు పొద్దున కోయంబత్తూరు నుంచి రాఘవేంద్రన్ వచ్చాడు. తుడియలూరులో పంపుల వర్క్‌షాపు పక్కన ఆయనకు కాఫీ వేయించే షెడ్డు ఉంది. తోటలకూ అంగళ్ళకూ మధ్య మాట కుదిర్చేది ఆయనే. గోపీనాథ్ పంపిన ఆరు రోజుల గింజలు ఆరు పొట్లాలుగా వేయించి తెచ్చాడు. ఏ పొట్లం ఏ తేదీదో ఆయన జేబులోని చీటీలో తప్ప ఎక్కడా రాసి లేదు.

వాకిట్లో బల్ల వేశారు. దాని మీద ఆరు తెల్లటి పింగాణీ గిన్నెలు. గిన్నెకు ఇంతని తూచి పొడి వేసి, మరిగిన నీళ్ళు పోశాడు. పైన మందంగా తెట్టు కట్టింది. నాలుగు నిమిషాలాగి స్పూనుతో ఆ తెట్టు విరిచాడు. వాసన వాకిలంతా నిండింది. మంచెల దగ్గరున్న జీవ తల తిప్పింది.

"చూడండి గోపీనాథ్, ఇదే పద్ధతి" అన్నాడు రాఘవేంద్రన్. "స్పూను ముంచాల, జుర్రున పీల్చాల. ఎంత చప్పుడైతే అంత మంచిది, నాలుకంతా తడవాల. తరవాత పక్క గిన్నె. ఒక నోటిని నమ్మకూడదు. ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు చూడాల."

"అదే గిన్నెలోనా?" అన్నాడు గోపీనాథ్.

"మరి? వేరే గిన్నె అయితే వేరే కాఫీ అవుతాది గదా. స్పూను కడుక్కోను ఇదో, గ్లాసులో నీళ్ళు."

నీళ్ళ గ్లాసు కూడా అందరికీ ఒకటే. రామక్కాళ్ తిన్నె మీదనుంచి అంతా చూస్తోంది. ఒకరి నోట్లో పెట్టిన స్పూను మళ్ళీ గిన్నెలో మునగడం, అదే గిన్నెలో ఇంకొకరిది మునగడం. ఎంగిలి అన్న మాటకు ఇంతకంటే పెద్ద అర్థం ఆమె డెబ్భై ఏళ్ళలో చూడలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

సుజిత వంగి మొదటి గిన్నె జుర్రింది. ఆ చప్పుడుకి కొట్టంలో కుక్క మొరిగింది. ఆరు గిన్నెలూ చూసింది. వ్యాపారం కదా, గోపీనాథ్ కూడా ఆమె ముంచిన గిన్నెల్లోనే స్పూను ముంచాడు. సుజిత తల ఎత్తి చుట్టూ చూసింది.

"జీవగారూ! అక్కడే నిలబడిపోయారేం? రండి. చేసిన చెయ్యి రుచి చూడకపోతే ఎలా?"

ఇంకో స్పూను తీసి చాచింది.

జీవ కదల్లేదు. గోపీనాథ్ వైపు చూసింది. గోపీనాథ్ గిన్నెల వైపు చూశాడు. ఆయన బుర్రలో లెక్క సులువుగానే తేలింది. ఒక కాలనీ చెయ్యి ఆరు గిన్నెల్లోనూ మునిగిపోయింది. ఇప్పుడు రెండో చేతిని వద్దంటే మొదటి చేతిని అవమానించినట్టే. వ్యాపారం పోతుంది.

"దా జీవా" అన్నాడు. తానెంత విశాలహృదయుడో ఆ క్షణాన తనకే ముచ్చటేసింది.

జీవ చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. స్పూను ముంచి, వాళ్ళ ముందు చప్పుడు చెయ్యడానికి సిగ్గుపడి, మెల్లిగా నోట్లో పోసుకుంది.

"కాదు కాదు, గట్టిగా పీల్చండి" అంది సుజిత.

రెండోసారి పీల్చింది. ఒకటో గిన్నె చప్పగా, పచ్చిగడ్డి నమిలినట్టుంది. రెండోదీ అంతే. మూడోది కొంచెం మేలు. నాలుగోది నాలుక మీద పడగానే జీవ కళ్ళు మూసుకుంది. వాన వెలిసిన పొద్దున కమలాపండు తొక్క గిల్లితే ముక్కుకు తగిలే వాసన అది. వెనకాల బెల్లం. మింగాక కూడా పోలేదు, గొంతులోనే ఉండిపోయింది. ఇదా? ఇన్నేళ్ళూ నా చేతి కిందనుంచి పోయింది ఇదా?

"నాలుగు" అంది సుజిత తన పుస్తకంలో గీత గీస్తూ. "నాలుగు అద్భుతం గోపీనాథ్ గారూ. మిగతా అయిదూ మామూలు. దీన్ని ఎలా చేశారు?"

"అన్నిటికీ ఒకటే. టైమరు పెట్టి, కరెక్టుగా ముప్పై గంటలు."

"ఇది సామి పళని పొయ్యుండగా కడిగింది" అంది జీవ.

అనాలనుకుని అనలేదు. కళ్ళు మూసుకునే ఉంది, మాట నోటి నుంచి జారిపోయింది. "మనవరాలికి గుండు కొట్టించను పొయ్యుంటిరి గదా సామి, మూడురోజులు. గట్టి మంచు. గరగర రాలేదని నలభై నాలుగు గంటలు ఉంచేస్తిని."

రాఘవేంద్రన్ జేబులోంచి చీటీ తీసి చూశాడు. నాలుగో పొట్లం తేదీ చదివాడు. గోపీనాథ్ ఆ తేదీన పళనిలో ఉన్నాడు. సుజిత జీవ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, అందులో ఏదో యంత్రం ఉన్నట్టు.

*

భోజనాలకు పిలిచారు. రాఘవేంద్రన్‌కు హాల్లో ఆకు వేశారు, సుజితకు తిన్నె మీద వేశారు. గాలి బాగా వస్తుందని చెప్పారు.

"ఏంటికప్పా ఆ పాపను బయట కూర్చోబెట్టినారు?" అన్నాడు రాఘవేంద్రన్.

గోపీనాథ్ ఆయన చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడు. రాఘవేంద్రన్ ఒక్కక్షణం అర్థంకానట్టు చూసి, పగలబడి నవ్వాడు. మెట్ల పక్క కొళాయి దగ్గర ఆరు గిన్నెలూ కడుగుతున్న జీవకు ఆ నవ్వూ, తరవాతి మాటలూ స్పష్టంగా వినిపించాయి.

"అయ్యో గోపీనాథ్! హైదరాబాదులో కాలనీ అంటే బంగళాలు! గేటు, కార్లు, వాచ్‌మనూ. ఊరంతా కాలనీలేనప్పా అక్కడ. ఆ పాప వాళ్ళు ఆ పక్క పెద్ద భూస్వాములు. మనవాళ్ళే!"

"ఏంటండీ? నా గురించేనా?" అంది సుజిత తిన్నె మీదనుంచి.

రాఘవేంద్రన్ నవ్వుతూనే బయటికొచ్చి ఇక్కడ కాలనీ అంటే ఏమిటో ఆమెకు చెప్పాడు. సుజిత ముఖం ఎర్రబడింది.

"అయ్యో! ఛ ఛ, కాదండీ, మేము ఆ కాలనీ కాదు. మాది..." అని, తమ ఊరి పేరూ, తాతగారి పేరూ, ఆ పేరు చివరి మాటా గబగబా చెప్పేసింది. చెప్పాక కొళాయి వైపు చూపు పడింది. గబుక్కున ఆకు మీదికి తల వంచేసింది.

జీవ అయిదో గిన్నె కడుగుతోంది. తల ఎత్తలేదు. ఆ పిల్ల తెలియక అన్నప్పుడు నవ్వుతూ అన్న మాటను, తెలిశాక మంట ముట్టుకున్నట్టు వదిలేసింది. అంతే. దెబ్బ తగిలిందని తెలుసు, నొప్పి మాత్రం రాలేదు. నిన్న గుచ్చిన సూదులు కూడా పోయాయి. మళ్ళీ ఎప్పటి తిమ్మిరే.

రామక్కాళ్ గబగబా బయటికొచ్చి సుజిత గడ్డం పట్టుకుంది. "మనవాళ్ళేనా కన్నూ! మొగం చూసి అప్పుడే అనుకుంటి. ఏమే తిలకవతీ, ఆకు లోపలికి మార్చు!" తరవాత కొళాయి వైపు తిరిగి, గొంతులో ఏ మార్పూ లేకుండా అంది. "ఆ గిన్నెలు షెడ్డులోనే పెట్టేయ్ జీవా, ఇంట్లోకి వొద్దు. ఆ స్పూను నువ్వే తీసుకో. మంచి స్పూను, పాపకు ఆడుకోను అవుతాది."

బయల్దేరేముందు సుజిత షెడ్డు దగ్గరికి వచ్చింది. చాలాసేపు బూటు కొనతో నేల గీసింది.

"సారీ జీవగారూ. నాకు తెలియదు. నిజంగా తెలియదు. తెలిసుంటే..."

"పరవాయిల్లమ్మా" అంది జీవ. "మీకు తెలీకపోబట్టే గదా నేను తాగితిని."

సుజిత కళ్ళు తుడుచుకుని కారు దగ్గరికి వెళ్ళింది. మనసు మంచిదే, వ్యాపారం మరిచిపోయేంత మెత్తనిది మాత్రం కాదు. నాలుగో గిన్నెలాంటి కాఫీ ఎంతుంటే అంతా కావాలంది, మిగతాది వద్దంది. కొట్లో పద్నాలుగు మూటలున్నాయి. వాటి మీద గోపీనాథ్ సుద్దతో రాసిన తేదీలు మంచుకి చెమ్మగిల్లి ఎప్పుడో చెరిగిపోయాయి. వాటిలో ఏవి ఆ రుచివో తేల్చి రెండు నోళ్ళ మార్కులూ రాసి పంపమంది. రాఘవేంద్రన్ గింజలు వేయించే చేతి రోస్టరూ గిన్నెలూ వారంపాటు అక్కడే వదిలి వెళ్ళాడు.

*

నాలుగోరోజంతా గోపీనాథ్ ఒక్కడే కూర్చున్నాడు. పద్నాలుగు మూటల్లోంచి పద్నాలుగు గుప్పిళ్ళు తీసి వేయించాడు, పొడి చేశాడు, నీళ్ళు పోశాడు, జుర్రాడు. అన్నీ కాఫీలాగే ఉన్నాయి. తిలకవతిని పిలిచాడు. "అన్నీ చేదే" అందామె, చక్కెర వేస్తే గాని చెప్పలేనంది. సాయంత్రానికి స్పూను బల్ల మీద పడేశాడు. ఏడాది పంట ఆ మూటల్లో ఉంది, తన నాలుకకు అది దొరకడం లేదు.

అయిదోరోజు పొద్దున్నే జీవను కొట్టు దగ్గరికి పిలిచాడు. "వాసన చూసి చెప్పు. నువ్వు చేసిందే గదా."

జీవ ఒక్కో మూటలోనూ చెయ్యి దూర్చింది. రెండు మూటలు దాటింది. మూడో మూటలో వేళ్ళు మునగగానే లేచిన వాసనకు తెలిసిపోయింది. ఎండు గింజ అడుగున ఆ కమలాతొక్క ఇంకా ఉంది. పన్నెండో మూటలోనూ కొంచెం ఉంది. మిగతావాటిలో లేదు. పని అయిపోయింది. చెప్పేస్తే ఆయన ఫోను తీసి హైదరాబాదుకు చెబుతాడు, ఆమె పోయి తొట్టి తొక్కుకుంటుంది.

చెయ్యి బయటికి తీసి దులుపుకుంది.

"చేత్తో తెలీదు సామి. నోట్లో పోసుకుంటే గాని చెప్పలేను."

అది అబద్ధం. ఆమె అంతకుముందు అబద్ధాలు ఆడకపోలేదు, కూలి కోసం, సెలవు కోసం, పాప జ్వరం కోసం ఆడింది. తన కోసం ఆడింది ఇదే మొదలు. గుండె కూడా వేగంగా కొట్టుకోలేదు.

గోపీనాథ్ లోపలికెళ్ళి తల్లితో మాట్లాడి వచ్చాడు. షెడ్డులో బల్ల వేశాడు. ఆ చివర జీవకు పేపరు కప్పు, ఈ చివర తనకు పింగాణీ గిన్నె.

జీవ పీల్చి ఉమ్మేసింది. "కాగితం వాసన సామి. కాఫీ తెలీలా."

నిజమే. రాఘవేంద్రన్ బల్ల మీద కూడా అన్నీ పింగాణీవే. గోపీనాథ్ ఇంకో పింగాణీ గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తన గిన్నెలో తాను, ఆమె గిన్నెలో ఆమె. మొదటి మూటకు ఆయన తొమ్మిది మార్కులు వేశాడు. జీవ మూడు వేసింది. మళ్ళీ పోసి మళ్ళీ చూశారు. ఆయన నాలుగు, ఆమె ఏడు. ఆమె ఆ ఏడు ఎందుకు వేసిందో దేవుడికే తెలియాలి.

"ఏం జీవా ఇది? ఒకటే మూట గదా!"

"ఒకటే మూట సామి. గిన్నెలు వేరే. మీ గిన్నెలో ఏముండాదో నాకెట్లా తెలుస్తాది? ఒకటే గిన్నె కాకుంటే కుదరదని రాఘవేంద్రన్ సామి చెప్పె గదా."

గోపీనాథ్ చేతిలో స్పూను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మొన్న వాకిట్లో ముంచాడు, నిజమే. అప్పుడు చుట్టూ జనం ఉన్నారు, ఎదురుగా వ్యాపారం ఉంది, అది ఆ ఒక్కరోజు మాట. ఇప్పుడు షెడ్డులో ఇద్దరే ఉన్నారు. ఇల్లు ఇరవై అడుగుల దూరంలో ఉంది, కిటికీ తెరిచే ఉంది. ఆయన కిటికీ వైపు చూశాడు. మూటల వైపు చూశాడు. చివరికి, బల్ల మీద తన గిన్నెను చూపుడువేలితో మెల్లిగా తోసి మధ్యకు జరిపాడు.

జీవ తన గిన్నెలోది నేల మీద పారబోసింది. బల్ల దగ్గరికి జరిగింది.

"నేను ముందు చూస్తా సామి."

స్పూను ముంచి పీల్చింది. ఈసారి సిగ్గుపడలేదు. ఆ చప్పుడు షెడ్డు రేకులకు తగిలి బయటికి పోయింది.

"ఏం చప్పుడురా గోపీ అది?" అంది ఇంట్లోంచి రామక్కాళ్.

గోపీనాథ్ కిటికీకి వీపు తిప్పాడు. గిన్నె మీద చెయ్యి ఆగి ఉంది.

"చల్లారితే తెలీదు సామి" అంది జీవ.

ఆయన కళ్ళు మూసుకుని స్పూను ముంచాడు. జుర్రాడు. నోట్లో కాసేపు ఉంచుకుని కష్టపడి మింగాడు.

జీవ ఆయన ముఖం చూస్తూ నిలబడింది. గెలిచినట్టేమీ అనిపించలేదు, జాలి కూడా వెయ్యలేదు. నాలుక మీద మాత్రం పచ్చిగడ్డి రుచి స్పష్టంగా ఉంది. ఇది ఆ మూట కాదని ఆమెకు తెలుసు. పొద్దుటే తెలుసు.

"ఎట్లుండాది సామి?"

"తెలీలా" అన్నాడు గోపీనాథ్.

"తెలీకుంటే ఇంగోసారి ముంచండి" అంది జీవ, గిన్నెను ఆయన వైపు కొంచెం జరుపుతూ. "తొందరేముంది? ఇంగా పదమూడు మూటలుండాయి."